అమ్మువాని మౌనము

అమ్మువాడు తన వస్తువునందలి లోపమును అడుగకయే చెప్పవలయునా? లేక, అడిగినప్పుడు కల్లలాడకున్న చాలునా? ఈ ప్రశ్న బజారంత పాతది. వంకాయలు కొను గృహిణి మొదలుకొని భూమి కొను కామందు వఱకు దీనితో పనిలేనివారు లేరు. అయినను నిత్యము మనము కొను వస్తువులలో దీని నిజస్వరూపము కానరాదు. ఏలయన, పుచ్చువంకాయ యింటికి వచ్చి కత్తిపీట యెక్కినతోడనే తన సంగతి తానే చెప్పును. మఱునాడు మనము ఆ యంగడికి పోము. అంగడివానిని సత్యమున నిలుపునది తఱచు ధర్మము కాదు, మఱునాటి భయము. ఆ భయమేమియు లేని బేరమొకటి తీసికొని చూచిననే గాని, అందు ధర్మమెంత మిగులునో తెలియదు. అందులకై నేను పాత మోటారుబండి బేరము నెంచుకొనుచున్నాను.

ఏలూరులో కాలువకు చేరువనున్న పాతయింటి కొట్టమునందు అమెరికా టూరింగుకారొకటి యున్నదనుకొందము. దాని యజమాని ఇట్లు ప్రకటించెననుకొందము: “1920 ప్రాంతపు అమెరికా టూరింగుకారు. ఒకే కుటుంబమువారిది. అంతయు అసలు భాగములే. నడచుచున్నది. అమ్మబడును.” ఇందు మొదట చూచువానికి తప్పేమియు తోచదు. మాటమాటయును విప్పి చూతము.

టూరింగుకారనగా గట్టి కప్పులేక, కావలసినప్పుడు విప్పి వేసికొనదగిన గుడ్డటాపుతో, ముందొకటి వెనుకనొకటి రెండు వరుసల సీట్లతో నుండు తెఱపి బండి. ప్రక్కల అద్దములుండవు, వాన వచ్చినచో పరదాలు బిగించుకొనవలసినదే. ఈ జాతిలో లోకమెల్ల నెఱిగినది ఫోర్డు కంపెనీవారి మోడల్ టి. 1908 అక్టోబరులో వెలువడిన యీ బండి తయారు 1927 మే నెలలో నిలిచిపోవునప్పటికి కోటి యేబదిలక్షలకు పైగా కర్మాగారములనుండి వెడలినవి. మొదట 850 డాలర్లు పలికిన టూరింగుకారు 1925 నాటికి 290 డాలర్లకు దిగినది. దానిని నడపుటయు నొక విద్య. కాళ్ళక్రింద పెడలులు మూడుండును గాని పెట్రోలు కాలితో నిచ్చునది కాదు, నడుపుచక్రముక్రింది మీటతో చేతితో నిచ్చునది. పెట్రోలును పంపు యంత్రము లేదు; ముందు సీటుక్రింది తొట్టినుండి నీరు పల్లమెఱిగినట్లు తానే పాఱి యింజనును చేరవలయును. తొట్టిలో చమురు తక్కువగానుండి ఎదుట ఎత్తు వచ్చెనా, బండిని త్రిప్పి వెనుకనడకతో ఎక్కించెడివారు. మన డెల్టాకు ఆ బాధలేదు. కాలువగట్టు తప్ప మనకు వేఱు కొండ యేది?

ఇక ప్రకటనలోని మొదటిమాట “అమెరికా.” బ్రిటిషు సామ్రాజ్యపు దేశములకు ఫోర్డు బండ్లను పంపునది కెనడాలోని ఫోర్డు కంపెనీ. కుడిప్రక్క నడుపుచక్రముగల బండియైనచో అది కెనడాలో పుట్టియుండుట మిక్కిలి సంభావ్యము. షెవ్రోలే యైనచో, 1928లో జనరల్ మోటార్సువారు బొంబాయిలో కర్మాగారము పెట్టి భాగములను తెప్పించి యిచ్చటనే కూర్చి యమ్మిరి. కావున “అమెరికా” యన్న మాట పేరునకు నిజము, పుట్టుకకు కాకపోవచ్చును. ఇది చిన్నసంగతి. దీనిని ఎత్తి చూపుట అమ్మువానిని తప్పుపట్టుటకు కాదు, అతడెఱిగియుండక పోవచ్చును. ఎఱుగనిదానిని చెప్పకుండుట మౌనము కాదు.

“అంతయు అసలు భాగములే” యను మాట యట్టిది కాదు. మోడల్ టి బండ్లకు 1914 మొదలు 1925 వఱకు నలుపు తప్ప వేఱురంగు వేయలేదు. కావున 1920 నాటి బండి నిగనిగలాడు ఎఱుపుతో మన యెదుట నిలిచినచో, ఆ రంగు తరువాతిదని చెప్పుటకు పండితుడక్కఱలేదు. ఇది కంటికి కనబడునది. కనబడనివి పెక్కు. ఆ బండి శరీరము పైకి ఇనుపరేకు, లోపల కొయ్య. చక్రముల ఆకులును కొయ్యవే. మన ప్రాంతపు గాలి యెట్టిదో వేఱుగ చెప్పవలెనా? బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగులనేకములు కొల్లేటికి నీరు తెచ్చును. సముద్రమునకు గొనిపోవునది ఉప్పుటేఱు. వచ్చుదారులు పెక్కు, పోవుదారి యొక్కటి. ఆ నీటి ప్రక్కనున్న నేలలో పెట్టెలోని పట్టుచీరకే బూజుపట్టుచుండగా, కొట్టములోని కొయ్య చెదలపాలు గాకుండునా, రేకు త్రుప్పుపట్టకుండునా? నూఱేండ్లు ఈ గాలిలోనుండియు అంతయు అసలే యనువాడు బండినిగూర్చి యేమియు నెఱుగడు, లేదా మనలనుగూర్చి చాల నెఱుగును.

అప్పుడేమి జరిగియుండును? కమ్మరి యొకడు మడ్గార్డును కొత్త రేకుతో కొట్టి తీర్చియుండును. బండిచక్రములు చేయు వడ్రంగి ఆకులు మార్చియుండును. తాడేపల్లిగూడెములోనో ఏలూరులోనో లేతుపనివాడొకడు దొరకని భాగమును తానే కోసి చేసియుండును. టాపు గుడ్డ నాలుగుమాఱులు మాఱియుండును. ఇంజనే మాఱియుండవచ్చును, మఱి బహుకాలము మోడల్ టి బండికి గుర్తుసంఖ్య ఇంజనుమీదనే గాని చట్రముమీద వేయలేదు. ఇంజను మార్చినచో బండి పేరే మాఱినట్లు! ఇవన్నియు యజమాని యెఱుగును; అతని తండ్రి యిచ్చిన కూలి లెక్కలు ఇంట నుండవచ్చును. కాని అతడు “అసలు” అని వ్రాసెను. లేదా, మఱికొంచెము తెలివిగలవాడై, ఆ మాటయు వ్రాయక, ఊరకుండెను.

వ్రాసినవానికిని ఊరకున్నవానికిని చట్టము భేదము చూపుచున్నది. 1930 నాటి సరకుల విక్రయ చట్టము ప్రకారము, వర్ణననుబట్టి అమ్మినప్పుడు సరకు ఆ వర్ణనకు సరిపడవలయును. అసలు అని వ్రాసి వేఱొండు ఇచ్చిన వాడు దొరకిపోవును. ఊరకున్నవాని సంగతి 1872 నాటి కాంట్రాక్టు చట్టము పదునేడవ సెక్షనులో గలదు. అచ్చట దృష్టాంతముగా గుఱ్ఱమును తెచ్చిరి. ఒకడు తన గుఱ్ఱము రోగిష్ఠిదని యెఱిగియు వేలములో నమ్మి, యేమియు చెప్పకున్నచో అది మోసము కాదు. కొనునది అతని కుమార్తెయై, అప్పుడే యుక్తవయస్సు వచ్చినదైనచో చెప్పవలసిన ధర్మము అతనికి కలదు. కొనువాడు “నీవు కాదనకున్నచో గుఱ్ఱము బాగుగనున్నదనియే తలంతును” అనినప్పుడు ఊరకుండుట, బాగుగనున్నదని చెప్పుటతో సమానము. ఈ దృష్టాంతములను చదువునప్పుడెల్ల నాకు నడిమిదానిపై మనసు నిలుచును. కూతునకు చెప్పవలసినది పరునకేల చెప్పనక్కఱలేదు? కూతురు తండ్రిని నమ్మును గనుక యందురు. అట్లయిన ధర్మము రక్తముననుసరించి కాక నమ్మికననుసరించి పుట్టుచున్నదని చట్టమే యొప్పుకొన్నట్లు గదా!

చట్టమువారు గుఱ్ఱమును తెచ్చుటకు కారణము కలదు. గుఱ్ఱమైనను మన సంతలోని యెద్దైనను కొనువాని చేతికి దొరకును. పండ్లు లెక్కించి వయస్సు చెప్పవచ్చును, సుళ్ళు చూడవచ్చును, నాలుగడుగులు నడిపింపవచ్చును, ఎఱిగిన పెద్దను వెంటబెట్టుకొనిపోవచ్చును. తువాలుక్రింద వ్రేళ్ళు పట్టుకొని బేరమాడు దళారి యెంత గడుసువాడైనను ఎద్దు కాలికి గల కుంటిని కప్పలేడు. నిన్నమొన్నటి మోటారుకారును మఱల అమ్మునప్పుడును ఇంతే. మీటరు వెనుకకు త్రిప్పినవాని గుట్టును ఆఱునెలలలో ఇంజనే బయటపెట్టును. ఈ వస్తువులన్నియు పనికొఱకు కొనబడునవి; పనిలో వాని నిజము తేలును.

నూఱేండ్ల టూరింగుకారును ఎవడును పనికొఱకు కొనడు. ఏలూరునుండి కైకలూరు పోవుటకు దానికన్న బస్సు మేలు. దానిలో కొనబడునది గడచినకాలము. గడచినకాలము కుంటదు, పొగ వదలదు, ఎంతదూరము నడిపినను తన లోపము చెప్పదు. దానికి సాక్షి యొక్కడే, అమ్మువాడు. కొనువాడు వెల యిచ్చుచున్నది రేకునకు కాదు, ఆ సాక్షి మాటకు. అట్టిచో సాక్షి ఊరకుండుట, త్రాసులో రాయి తక్కువ వేయుటవంటిది. ఊరకుండుట మోసము కాదను చట్టపుమాట గుఱ్ఱమునకు చెల్లినను ఇచ్చట చెల్లదని నా యభిప్రాయము.

పెద్దలు దీనిని ఆలోచింపకపోలేదు. మనుస్మృతిలో నేడు మనము త్రోసిపుచ్చవలసినది చాల కలదు. కాని యెనిమిదవ అధ్యాయమున క్రయవిక్రయములనుగూర్చి చెప్పినచోట, కల్తీది, నిస్సారమైనది, తక్కువైనది, దూరముననున్నది, కప్పిపుచ్చబడినది అమ్మరాదని కలదు. కొని గాని అమ్మి గాని పశ్చాత్తాపపడినవానికి పదిదినముల గడువును కలదు. రోమకుడైన సిసిరో క్రీ. పూ. 44లో తన కుమారునికై వ్రాసిన ధర్మగ్రంథమున ఇద్దరు తాత్త్వికుల వాదమును తెచ్చెను. పాడుపడిన యిల్లు అమ్మువాడు దాని దోషములు చెప్పవలెనా యన్నది ప్రశ్న. శాసనము చెప్పుమన్నంత చెప్పి తక్కినది ఊరకున్న చాలునని డయోజెనీసు. మనుష్యుడు మనుష్యునికి తోడుగా పుట్టెను గనుక ఏమియు దాచరాదని యాంటిపేటరు. సిసిరో రెండవవాని పక్షము వహించెను. ఊరకుండుటయెల్ల దాచుట కాదనియు, తెలిసికొనవలసినవాడు తెలిసికొనకుండుటయే నీకు లాభమైనప్పుడు ఊరకుండుట దాచుటయే యనియు ఆయన తేల్చెను. మన కారు యజమానికి ఇంతకన్న చక్కగా అతికిన కొలత లేదు.

దీనికొక యాక్షేపణ కలదు. “చెప్పినచో వెల తగ్గును. మఱమ్మతు చేయించుట తప్పా?” అందురు. తప్పు కాదు. కొల్లేటి లంకగ్రామములలో పలకల పడవ నమ్మువానిని చూడుడు. క్రిందిపలక పోయిన యేడు మార్చితినని తానే ముందుగా చెప్పును. వ్రేలితో కొట్టి చూపును. క్రొత్తపలక పడవకు గౌరవము, వెలకు బలము. అట్లు పలకపలకయు మాఱి పడవ యంతయు క్రొత్తదైనను అది ఆ పడవయే. దానినిగూర్చి గ్రీకు తాత్త్వికులవలె జాలరి తగవులాడడు. అదే మఱమ్మతు కారునందు దోషమైనదేల? మనము కొనునది నీటిమీద తేలునది కాదు, నూఱేండ్లు ఎవరిచేయియు తగులలేదను భ్రమను. ఆ భ్రమను కొనువారే కోరుచుండగా అమ్మువారిది మాత్రమే నేరమా యని యడుగవచ్చును. సగము వారిదే.

ఆ భ్రమకు ఇటీవల ప్రభుత్వపు నియమమును కొంత తోడైనది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము వింటేజి వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను నేర్పఱచెను. ఏబదియేండ్లు దాటి, మొదటి రూపమున నిలిచి, చట్రమునందును శరీరమునందును ఇంజనునందును పెద్దమార్పు లేని బండికే ఆ గౌరవము. నంబరుపలకమీద “వీఏ” అను అక్షరములుండును; క్రొత్త రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు, పదేండ్లకు చెల్లును; నిత్యసంచారమునకుగాని వ్యాపారమునకుగాని వాడరాదు; అమ్మినచో ఇరువురును తొంబది దినములలో రవాణాధికారులకు తెలుపవలయును. పాతబండ్లు తుక్కు కాకుండ కాపాడుటకు పెట్టిన నియమము మంచిదే. కాని “మార్పు లేనిది” అను మాటకు గౌరవము కట్టిన నాటినుండి మార్పును దాచుటకు మనసు లాగును. పెండ్లి సంబంధములలో కులగోత్రములను మెఱుగుపెట్టి చెప్పుకొన్న జాతికి బండికి వంశచరిత్ర కల్పించుట యేమి కష్టము? ఎవరో జమీందారు ఎక్కినదనియు, ఎవరో దొరగారు కానుకిచ్చిరనియు రెండుమాటలు చేర్చిన చాలును. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులోనున్న 1912 నాటి పసుపుపచ్చ రోల్సురాయిసువంటిదైన, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆర్డరిచ్చి 1911లో చనిపోగా కుమారునికి వచ్చినదని లోకమునకు తెలియును, కల్పన కక్కఱలేదు. ఏలూరు కొట్టములోని బండికి ఇంటివారి నోరు తప్ప వేఱు దస్తరము లేదు.

ఈ దాపరికమున నష్టపోవువాడు కొనువా డొక్కడే కాదు. ఆ కమ్మరి, ఆ వడ్రంగి, ఆ లేతుపనివాడు కూడ. సముద్రము నవతల చేసిన భాగమును చూచి, కొలిచి, నక్షా లేకుండ ఇక్కడ దానికి జోడు చేసినవాని నేర్పు సామాన్యమైనదా? రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలునకు రేషను పెట్టి, తాడేపల్లిగూడెమున విమానములకు దారి వేయుచున్న యా దినములలో విదేశపు భాగములు తెప్పించుట మాటలా? అట్టి యేండ్లు గడచియు బండి నేడు నడచుచున్నదనగా డెట్రాయిటువారి ప్రతిభ సగము, మనవారిది సగము. “అంతయు అసలే” యను రెండుమాటలతో ఆ రెండవసగము తుడిచివేయబడినది. పని చేసినవాని పేరు వస్తువుమీద నుండకుండుట మనకలవాటే. పేరు లేకుండుటయే కాక, పనియే జరుగలేదనుట మఱియొక మెట్టు.

“ఒకే కుటుంబమువారిది” అన్నమాట మిగిలినది. కుటుంబమనగా ఎవరు? మన యిండ్లలో పొలము పంచుకొనునప్పుడు దస్తావేజుండును. బంగారము పంచుకొనునప్పుడు ఆడవారు కూర్చుందురు. కొట్టములోని వస్తువులకు ఈ రెండును లేవు. బండి మగవారిదను భావము గట్టిపడియున్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వంత యాస్తిలో కూతునకును భాగమిచ్చెను. ఆంధ్రప్రదేశములో 1986 నాటి సవరణ చట్టము పిత్రార్జితమున పెండ్లికాని కూతుండ్రకు కొడుకులతో సమానముగ హక్కు నిచ్చెను. 2005లో దేశమంతటను కూతుండ్రందఱికిని ఆ హక్కు కలిగెను. చట్టమున ఆస్తియనగా నేలయే కాదు, కొట్టములోని నాలుగుచక్రములును ఆస్తియే. అయినను పాతబండి యమ్మిన సొమ్ములో అత్తవారింటనున్న అక్కకు భాగము పంపిన తమ్ముల నెందఱిని చూచితిమి? ఆమెయు అడుగదు, అడిగిన పుట్టింటి గుమ్మము మూతపడునను భయము. ఇదియు నొక మౌనమే, అమ్మువానికి లాభకరమైనది.

ఇంతవఱకు అమ్మువానినే బోనులో నిలిపితిని. కొనువాని నోరు తెఱవవలసిన సమయమును కలదు. అమ్మునది పల్లెటూరి విధవరాలు. భర్తపోయినది మొదలు కొట్టమువైపు చూడలేదు. లోపలనున్నది యేమో, దాని వెల యెంతో ఎఱుగదు. వచ్చినవాడు పట్టణపువాడు, యీ వస్తువులలో నాఱితేఱినవాడు. ఇచ్చట చట్టము చూపిన దృష్టాంతములలో ఏదియు ఆమెకు తోడురాదు. కొనువాడు అమ్మువానికి వెల నేర్పవలసిన పని లేదు. సిసిరో చెప్పిన కథలోని స్కీవోలా యొక్కడే యిట్టిచోట గుర్తునకు వచ్చును. అతడు భూమి కొనబోయి వెల యెంతయని యడిగెను; వారు చెప్పిరి; నా దృష్టిలో దీని వెల అంతకన్న ఎక్కువయని పలికి లక్ష సెస్టర్సులు చేర్చి యిచ్చెను. మంచివాడని అందఱు నొప్పుకొనిరి, తెలివిగలవాడని మాత్రము ఒప్పుకొనలేదట.

మన కొల్లేటి గట్టున ఆ కొట్టము తలుపు తెఱవబడును. గోనెపట్టాలు తొలగింపబడును. పట్టణపాయన టార్చిలైటు వెలుతురున ఇంజనుమీది సంఖ్యను రెండుమాఱులు చదువుకొని, దీపమార్పి, బయటికి వచ్చి, “పాత ఇనుము కిలో యెంతకిస్తారమ్మా?” యని యడుగును. అతడు కల్ల యేమియు చెప్పలేదు, అది యినుమే. ఆమె కొంగుతో చేతులు తుడుచుకొని తిరిగి యడుగునది యొక్కటే: “కాటా మీరే తెచ్చుకుంటారాండీ, మమ్మల్నే చూడమంటారా?”